చందువాకు రెండో పక్క

మణిసేతు రాజ్యంలో చందువా అన్న మాటకు ఎన్ని నోళ్ళుంటే అన్ని అర్థాలు. అంగడిలో అడిగితే, అరచేయంత వెడల్పున వెండిలా మెరిసే చేప. పసుపూ ఉప్పూ కారం రాసి పెనం మీద వేస్తే చాలు, పొరుగింటివాడు కూడా చుట్టమై వచ్చి కూర్చుంటాడు. కోటలో అడిగితే, సింహాసనం మీద నాలుగు బంగారు స్తంభాలకు కట్టే మేలుకట్టు. కొలువులో పద్యాలు చదివి పొట్టపోసుకునేవాళ్ళను అడిగితే ఆకాశమే చందువా అంటారు, నక్షత్రాలు దానికి కుట్టిన ముత్యాలంటారు. వాళ్ళకేం, మాటలకు సుంకమా! కానీ సముద్రపు ఒడ్డున గవ్వలరేవులో మాత్రం ఆ మాట గట్టిగా అనరు. అక్కడ "ఫలానావాడు చందువాకెళ్ళాడు" అంటే వెళ్ళాడు, మళ్ళీ రాలేదని అర్థం.

ఈ నాలుగో అర్థం పుట్టి సరిగ్గా ఏడాది. పుట్టించినవాడు కీర్తిధ్వజ మహారాజు. పేరు చూసి మోసపోకండి. ఒంటిమీద దోమ వాలినా మృత్యుంజయ హోమం చేయించే మనిషి. ఆ చావు భయాన్ని పసిగట్టి ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఆయన చెవి దగ్గర చేరాడు. నల్లకయ్యలో తిరిగే చందువాల వెండి పొలుసులతో మేలుకట్టు కుట్టించమన్నాడు. దాని అంచున ముప్పయ్యారుమంది జాలరుల ప్రాణాలు ముత్యాలుగా కట్టి వేలాడదీస్తే, దాని నీడలో కూర్చున్నవాడు యముడికి కనబడడన్నాడు. నల్లకయ్య అంటే తాతలనాటి నుంచీ ఎవరూ పడవ దింపని సుడుల సముద్రం. రాజుకేం పోయింది! ఆజ్ఞ వేశాడు. గవ్వలరేవు నుంచి తొమ్మిది పడవలు, పడవకు నలుగురు చొప్పున బయలుదేరాయి. ముందు పడవ చుక్కాని పట్టినవాడు గంగులు. పదిరోజుల తరవాత తొమ్మిది పడవలూ ఖాళీగా కొట్టుకొచ్చాయి.

ఆ గంగులు తమ్ముడే మన ఎరకన్న. ఇప్పుడు తలకు రత్నకిరీటం, చెవులకు కుండలాలు, ఒంటికి మూడు వేళ్ళ మందాన చందనం పూసుకుని, మిట్టమధ్యాహ్నానికి ఇంకా రెండు గడియలు ఉందనగా కోట సింహద్వారం వైపు నడుస్తున్నాడు. ఎవరైనా అడిగితే అతను నీలశైల రాజ్యపు యువరాజు శిఖరసేనుడు. కొండలవాడు, సముద్రం మొహం ఎరగనివాడు.

ఈ వేషం కట్టించింది రంగసాని. ఊరూరా ఆటలాడే మేళానికి పెద్ద. కిందటి పండక్కి కోటలో ఆడితే, తాళం తప్పాడని ఆవిడ మద్దెలగాణ్ణి రాజు ఏనుగుతో తొక్కించాడు. ఆ రోజే కల్లు తాగిన మాంత్రికుడి శిష్యుడొకడు ఆవిడ దగ్గర వాగాడు: జాలరులు చావలేదు, చందువాకు వేలాడుతున్నారు, వచ్చే పండగనాటి మధ్యాహ్నపు గంట కొట్టేసరికి ముప్పయ్యారు ముత్యాలూ అమరితే ఇక వాళ్ళకు విముక్తి లేదు, ఆలోగా చందువాను దింపి, పొద్దుగూకే లోపల గవ్వలరేవు నీళ్ళలో ముంచితే ముత్యాలు కరిగి మనుషులు లేచి నిలబడతారు. ఆ మాట మోసుకుని ఆవిడ నేరుగా గవ్వలరేవుకే వచ్చింది. ఎరకన్నను అడవిలో కూర్చోబెట్టి మూడు నెలలు రాజసం నేర్పింది.

ఇవాళ ఆ పండగ. పొద్దున కోట గోడ కింద మడచెట్ల చాటున పడవలో కూర్చుని మరోసారి పాఠం అప్పజెప్పించుకుంది.

"నవ్వాల్సి వస్తే?"

"పళ్ళు కనపడకూడదు."

"చేప వడ్డిస్తే?"

"ముల్లు చూసి భయపడినట్టు నటించాలి. వేలితో కెలికి వదిలెయ్యాలి."

"అదీ! కొండలవాడివి నువ్వు. ఇంకో మాట అబ్బాయ్. నడుం దగ్గర ఏదో ఉబ్బెత్తుగా ఉందే, ఏమిటది?"

ఎరకన్న పట్టుదట్టీ మీద చెయ్యి వేసుకున్నాడు. అందులో రెండున్నాయి. ఒకటి జానెడు వల కత్తి. రెండోది ఆకులో చుట్టిన ఎండు చందువా ముక్క.

"చేపా! ఓరి నీ తెలివి తెల్లారా! మూడు నెలలు చందనం పూసి పూసి నా చేతులు అరిగిపోయాయి కదరా. పారెయ్ దాన్ని!"

"పారెయ్యను రంగమ్మా. అది మా అన్న వాటా."

ఆవిడకు అర్థం కాలేదు. మెట్టసీమ మనిషి, ఆవిడకెలా తెలుస్తుంది? గవ్వలరేవులో ఒక కట్టుబాటుంది. ఇంటి మగవాడు నీటిమీద ఉన్నప్పుడు చందువా వండితే పై పక్క మాత్రమే తింటారు. తల దగ్గర పట్టి ముల్లు మొత్తం ఒక్క లాగున ఎత్తి పక్కన పెడతారు. కింది పక్క అలాగే ఉంచుతారు. చచ్చినా చేపను తిరగెయ్యరు. పళ్ళెంలో చేప తిరగబడితే నీటిమీద పడవ తిరగబడుతుందని నమ్మకం. ఆ రెండో పక్క సముద్రం మీదున్న మనిషిది, వచ్చాక తింటాడు. రావడం ఆలస్యమైతే ఎండబెట్టి దాస్తారు. ఇక రాడని తేలిపోయిన నాడు మాత్రం ఇంటివాళ్ళే దాన్ని ఉప్పు అద్దకుండా తినేస్తారు. శవం దొరకని మనిషికి అదే కర్మ, అదే తద్దినం.

గవ్వలరేవులో చాలా ఇళ్ళు తినేశాయి. గంగులు పెళ్ళాం పోలమ్మ మాత్రం తినలేదు. ఊరి పెద్దలు గుమ్మంలోకి వచ్చి చెబితే చీపురు తిరగేసింది. "రాడని మీకు ఎవుడు సెప్పాడు? మీరెల్లి సూసొచ్చారేటి?" అంది. మరిది బయలుదేరేటప్పుడు ఆ ఎండు ముక్క తెచ్చి చేతిలో పెట్టింది.

"మరిదీ, మీ అన్న ముత్తెమై ఏలాడతన్నాడంట కదా. మనిసి కాగానే ముందు ఆకలంటాడు, ఆడి సంగతి నీకు తెల్దా. ముందు ఇది పెట్టు. తరవాతే మాటలు."

ఏడాదిగా అన్నం సగం కడుపుకే తింటున్న ఆ మనిషి ముఖం చూసి ఎరకన్న దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. అందుకే ఆ ముక్క ఇప్పుడు యువరాజు దట్టీలో ఉంది.

సింహద్వారం దగ్గరికి రాగానే మొదటి గండం ఎదురైంది. ద్వారానికి అటూ ఇటూ రెండు రాతి సింహాలు. ధూమ్రకేశుడు వాటికి ముక్కులు మంత్రించి పెట్టాడు. ఉప్పునీటి వాసన తగిలితే గాండ్రించి మీద పడతాయి. జాలరి అన్నవాడు కోటలోకి రాకూడదని ఆ ఏర్పాటు. ద్వారపాలకుడు అతని కత్తీ డాలూ తీసి పక్కన పెట్టి "దయచేయండి యువరాజా" అన్నాడు. ఎరకన్న అడుగు వేశాడో లేదో కుడివైపు సింహం ముక్కుపుటాలు అదిరాయి. రాతి మెడ కిర్రుమని తిరిగింది. మూతి సరాసరి దట్టీ దగ్గరికి వచ్చి ఆగింది. లోపలినుంచి గుర్రుమన్న చప్పుడు మొదలైంది.

ద్వారపాలకుడి చెయ్యి కత్తి మీద పడింది. కానీ మూడు నెలల రాజసం ఊరికే పోతుందా! ఎరకన్న మెళ్ళోని కస్తూరి భరిణె తెంపి, "ఈ మృగానికి జలుబు చేసినట్టుందే" అంటూ మూత తీసి మొత్తం దాని ముక్కులో కుమ్మరించాడు. సింహం కళ్ళు మూసింది. ఒక్క తుమ్ము తుమ్మింది చూడండి, ద్వారపాలకుడు తలపాగాతో సహా గోతిలో పడ్డాడు! రెండో సింహం మొదటిదాని తుమ్ముకు మొహం తిప్పుకుంది. ఎరకన్న పళ్ళు కనపడకుండా నవ్వి లోపలికి నడిచాడు.

ఆ కొలువు కూటం ఏమని చెప్పాలి! నేల పాలరాయి, గోడలు పగడం, కప్పుకు పచ్చలు పొదిగిన చిలుకల బారు. పన్నీటి కాలువలు గది మధ్యలోంచే పారుతున్నాయి. నెమలిపింఛాల వీవనలతో అరవైమంది దాసీలు గాలి విసురుతుంటే ఆ గాలికే జవ్వాది వాసన. పడమటి వైపు గోడంత కిటికీ, కింద నురగలు కక్కుతున్న సముద్రం. నడుమ ఏడు మెట్ల పీఠం మీద బంగారు సింహాసనం, దానిమీద బొద్దుగా తెల్లగా కీర్తిధ్వజ మహారాజు. తలపైన నాలుగు స్తంభాలకు కట్టిన చందువా. లక్ష పొలుసులు వెన్నెల పోసినట్టు మెరుస్తున్నాయి. దాన్ని చూసి సభంతా "ఆహా" అంటోంది.

ఎరకన్న మాత్రం దాని అంచునే చూశాడు. రేగుపండంత ముత్యాలు వరసగా వేలాడుతున్నాయి. గాలికి ఊగుతున్నాయనుకున్నాడు. కాదు. ఒక్కోటీ కాస్త ఉబ్బి, కాస్త తగ్గి, మళ్ళీ ఉబ్బుతోంది. ఊపిరి తీస్తున్నాయి. ఒక ముత్యం రెండుసార్లు గబగబా అదిరి, ఆగి, మళ్ళీ అదిరింది. అది సూరయ్య మావ దగ్గు. ఆ దగ్గు వింటూనే ఎరకన్న పెరిగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే కిరీటం సర్దుకునే వంకతో తుడుచుకున్నాడు.

అతిథి పీటమీద కూర్చుని లెక్కపెట్టాడు. ముప్పయ్యయిదు. మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్పయ్యయిదే. ముప్పయ్యారోది ఉండాల్సిన చోట ఖాళీ కొక్కెం ఊగుతోంది. ఎవరిది లేదు? తన అన్నది కాదు కదా! అన్న ముత్యం కాకముందే చచ్చిపోయాడేమో అనుకుని మూడోసారి లెక్కపెట్టాడు.

"నీలశైల యువరాజుకు స్వాగతం!" అన్నాడు రాజు. "మా చందువా ఎలా ఉంది?"

"మహారాజా, మా కొండల్లో ఇంత అందమైనది చూడలేదు" అన్నాడు ఎరకన్న.

"చూడటమేనా, ఈ రోజు రుచి కూడా చూస్తారు. పైన చందువా, పళ్ళెంలో చందువా!" అని రాజు తన చమత్కారానికి తనే పొట్ట పట్టుకుని నవ్వాడు. కొలువంతా నవ్వక తప్పుతుందా, నవ్వింది. రాజు పక్కన పొగలు కక్కే జుట్టుతో నిలబడ్డ ధూమ్రకేశుడు మాత్రం నవ్వలేదు. వాడి కళ్ళు మాటిమాటికీ ఆ ఖాళీ కొక్కెం మీదికి పోతున్నాయి.

బంగారు పళ్ళేలు వచ్చాయి. పళ్ళేనికొక చందువా, నేతిలో వేగి, మీద మిరియాలు చల్లి. ఎరకన్నకు ఎదురుగా కూర్చున్నవాడు సముద్ర దండనాథుడు మకరసేనాని. అప్పటిదాకా మొసలి మొహం చెక్కిన శిరస్త్రాణం పెట్టుకుని ఉన్నాడు. భోజనానికని దాన్ని తీసి పక్కన పెట్టాడు.

గంగులు!

బుగ్గలు నిండాయి, మీసానికి సంపెంగ నూనె, మెళ్ళో మూడు పేటల హారం. అయినా ఆ కనుబొమ మీది గాటు ఎక్కడికి పోతుంది? చిన్నప్పుడు తమ్ముడు విసిరిన లంగరు ములికి తగిలి పడ్డ గాటు. అన్న బతికే ఉన్నాడు! ఎరకన్నకు ఆ క్షణంలో లేచి కావలించుకోవాలనిపించింది. వీడూ నాలాగే వేషం కట్టి వచ్చాడు, లోపలే ఉండి అదను చూస్తున్నాడు, ఎంతైనా మా అన్న కదా అనుకున్నాడు. సంతోషంతో ఒళ్ళు పులకరించింది. వదిన మొహం కళ్ళముందు మెదిలింది. ఆ సంబరంలో చెయ్యి ఏం చేస్తోందో మనిషికి తెలియలేదు.

అప్పుడు చూశాడు. మకరసేనాని తన పళ్ళెంలో పై పక్క తిన్నాడు. తిని, పక్కవాడితో ఏదో హాస్యమాడుతూ, రెండు వేళ్ళతో చేపను పట్టుకుని టప్పున తిరగేశాడు. ఆగలేదు. తడుముకోలేదు. పైన ముప్పయ్యయిదుగురు తోటివాళ్ళు ఊపిరి బిగబట్టి వేలాడుతుండగా, వాళ్ళ కిందే కూర్చుని రెండో పక్క కూడా తినడం మొదలుపెట్టాడు.

వేషం కట్టినవాడి చెయ్యి అలా తిరగదు. వేషం కట్టినవాడి చెయ్యి పాత అలవాటునే చేస్తుంది. ఈ మాట మనసులో అనుకుంటూనే ఎరకన్న తన పళ్ళెం వైపు చూసుకున్నాడు. ముల్లు తల నుంచి తోక దాకా చెక్కుచెదరకుండా పళ్ళెం అంచున పడుకుని ఉంది. పై పక్క లేదు. కింది పక్క ముట్టుకోకుండా అలాగే ఉంది. రంగసాని మూడు నెలల పాఠం ఒక్క చందువా ముందు నీళ్ళపాలైంది.

తల ఎత్తేసరికి అన్న కూడా ఆ పళ్ళెమే చూస్తున్నాడు. తరవాత మొహం చూశాడు. పోల్చుకున్నాడు. ఇద్దరి కళ్ళూ కలిశాయి. "అన్నియ్యా, ఏమీ అనకు, ఆ ముల్లు చూడనట్టు ఊరుకో చాలు" అని ఎరకన్న కళ్ళతోనే బతిమాలుకున్నాడు.

మకరసేనాని చెయ్యి కడుక్కుని లేచాడు.

"మహాప్రభూ, చిన్న విన్నపం. నీలశైలంలో సముద్రం లేదు. చెరువు చేప కూడా గగనమంటారు. మరి యువరాజులవారు చందువా ముల్లును ఒక్క లాగున ఎత్తారు. పై పక్క తిని కింది పక్క వదిలారు. చేపను అలా తినేవాళ్ళు ఈ భూమ్మీద ఒక్క ఊళ్ళోనే ఉన్నారు."

"ఏ ఊరు?" అన్నాడు రాజు.

"గవ్వలరేవు."

ఆ పేరు పలికేటప్పుడు కూడా గొంతు వణకలేదు. భటులు నలువైపులా ఈటెలు దించారు. ఎరకన్న కిరీటం తీసి కింద పెట్టాడు. ఇక దానితో పనేముంది!

"నానురా అన్నియ్యా. ఎరకన్నని. నన్ను పోల్చుకోనేదేటి?"

"పోల్చుకున్నాను కనకే చెప్పాను" అన్నాడు మకరసేనాని. దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా, ఏడాదిగా నోట పలకని భాషలో అన్నాడు: "మరేటి సెయ్యమంటావురా? నల్లకయ్యలో ఆ మంత్రగాడు కత్తి పీక మీదెట్టాడు. అందరం సావడమా, నానొక్కణ్ణి బతకడమా అన్నాడు. తొమ్మిది పడవలకీ సుడి దారి నానే సూపించాను. నాకు బదులు మనూరి మనిసిని ఇంకొకణ్ణి తెచ్చిస్తానని మాటిచ్చాను. ఏడాది గడువు ఇయాలే. గంట కొట్టేసరికి ఆ కొక్కెం నిండకపోతే దానికి నన్నే ఏలాడదీస్తాడు. నిన్నెవుడు రమ్మన్నాడురా ఇక్కడికి!"

"వదిన రమ్మంది" అన్నాడు ఎరకన్న.

దట్టీలోంచి ఆకు పొట్లం తీసి విప్పాడు. ఎండు ముక్కను అన్న బంగారు పళ్ళెంలో పెట్టాడు.

"ఏడాది దాచింది. ఆకలంటావని, ముందు ఇదెట్టమంది. తిను."

గంగులు ఆ ముక్క వైపు చూశాడు. చెయ్యి కాస్త ముందుకు కూడా వచ్చింది. "ఏమిటా కంపు?" అన్నాడు రాజు ముక్కు మూసుకుంటూ. ఆ చెయ్యి అక్కడే ఆగింది.

"ఏదో కుళ్ళు చేప ప్రభూ" అన్నాడు మకరసేనాని. పళ్ళేన్ని కాలితో తన్నాడు. ముక్క పాలరాతి మీద జారి ఎరకన్న కాళ్ళ దగ్గర పడింది.

ఎరకన్న వంగి దాన్ని తీసుకున్నాడు. దుమ్ము దులిపి దట్టీలో దోపుకున్నాడు. లేచినప్పుడు చేతిలో వల కత్తి ఉంది.

"గంట!" అని అరిచాడు ధూమ్రకేశుడు. కంచు గంట దగ్గర భటుడు సమ్మెట ఎత్తాడు. మాంత్రికుడి జుట్టు బుసబుసమంటూ పొగతాడై సాగి ఎరకన్న మెడకు చుట్టుకుంది. ఊపిరి గొంతులో గడ్డకట్టి, గుండ్రంగా, చల్లగా, రేగుపండంతై పైకి ఎగబాకుతోంది. ఇంకో క్షణమైతే అది నోట్లోంచి రాలి కొక్కేనికి ఎక్కేదే. ఎరకన్న ఉన్న బలమంతా కూడగట్టి వల కత్తిని సూటిగా విసిరాడు. సమ్మెట ఎత్తినవాడి మణికట్టు తెగింది. సమ్మెట వాడి కాలిమీదే పడింది. వాడి గావుకేకకు మాంత్రికుడు అటు తిరిగాడు, పొగతాడు సడలింది. అంతే, ఒక్క గెంతున ఏడు మెట్లూ ఎక్కి, నోరెళ్ళబెట్టిన మహారాజు ఒళ్ళోకి, అక్కడినుంచి భుజాల మీదికి! రాజు మొలలోని కటారి లాగి ఒక తాడు కోశాడు. స్తంభం పట్టుకుని తిరిగి రెండో తాడు. "నా కిరీటం! నా ప్రాణం!" అని రాజు ఏడుస్తున్నాడు. మూడు, నాలుగు. లక్ష పొలుసుల చందువా గలగలమంటూ ఎరకన్న చేతుల్లోకి జారింది.

జారగానే ఆ చేతులకు తెలిసిపోయింది. మధ్యలో తేలిక, అంచున బరువు. ఇది మేలుకట్టేమిటి, విసురు వల! అంచున సీసపు గుళ్ళకు బదులు మనుషులున్నారు, అంతే. ధూమ్రకేశుడు జుట్టు విరబోసి మీదికి వస్తున్నాడు. ఎరకన్న అంచు సగం మోచేతి మీద వేసుకున్నాడు, నడుం తిప్పాడు, విసిరాడు. చందువా గాలిలో గుండ్రంగా విచ్చుకుని మాంత్రికుడి నెత్తిన పడింది. దాని కింద ముప్పయ్యయిదుగురూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. అది గవ్వలరేవు గాలి, ఉప్పు గాలి. వాడి పొగజుట్టు దీపం ఆర్పినట్టు ఆరిపోయింది. కేకపెట్టి బోడితలతో బోర్లా పడ్డాడు.

వలను ఒక్క గుంజు గుంజి భుజాన వేసుకుని ఎరకన్న కిటికీ వైపు పరుగెత్తాడు. కిటికీలో కత్తి దూసి మకరసేనాని నిలబడి ఉన్నాడు.

"తప్పుకో అన్నియ్యా."

"అది ఇక్కడొగ్గీసి పో. నిన్ను ఒదిలేస్తాను."

"సూరయ్య మావ దగ్గతన్నాడురా ఇందులో! ఇనపడతందా?"

జవాబుగా కత్తి దిగింది. ఎడమ భుజం చీలి రక్తం చిమ్మింది. ఎరకన్న చేతిలో కటారి ఉంది, అన్న కడుపు జానెడు దూరంలో ఉంది. చెయ్యి రాలేదు. తలతో గుండెమీద కుమ్మి, అతన్ని పక్కకు తోసి, చందువాతో సహా కిటికీలోంచి సముద్రంలోకి దూకాడు.

నీళ్ళు బండలా తగిలాయి. మునిగాడు, తేలాడు. మడచెట్ల చాటునుంచి పడవ అడ్డదిడ్డంగా వచ్చింది. తెడ్డు ఎటు పట్టుకోవాలో తెలియని రంగసాని తిట్టుకుంటూ, దేవుళ్ళకు మొక్కుకుంటూ తోస్తోంది. ఆవిడే జుట్టు పట్టి పైకి లాగింది. భుజానికి కొంగు చింపి కట్టింది. చందువాను పడవ అడుగున పరిచి, ముత్యాలు ఒక్కొక్కటీ తడిమి చూసి, "ఊపిరి ఉంది, ఊపిరి ఉంది" అని మురిసిపోయింది. పొద్దు పడమటికి వాలడం మొదలైంది. గవ్వలరేవు అక్కడికి మూడు ఆమడలు.

కోట రేవులో శంఖం ఊదారు. మొసలి మొహాల తొమ్మిది పడవలు బయటికి వచ్చాయి. అన్నిటికన్నా ముందున్న పడవ చుక్కాని దగ్గర పట్టుబట్టల మనిషి నిలబడి ఉన్నాడు. ఎరకన్న గాలి చూసి ఇసుకమేట వెనక్కి తిప్పాడు. ఆ పడవ కూడా ముందే అటు తిరిగింది. పాయలోకి మళ్ళించాడు, అది పాయ అడ్డానికి వచ్చింది. రాకేం చేస్తుంది? ఎరకన్నకు ఎనిమిదేళ్ళప్పుడు చేతిలో తెడ్డు పెట్టి, ఏ గాలికి ఎటు తిప్పాలో నేర్పిన మనిషే దాన్ని నడుపుతున్నాడు.

"అన్నట్టు నాయనా," అంది రంగసాని, వెనక్కి చూడకుండా. "ముత్యాలు ముప్పయ్యయిదే ఉన్నాయేం? మీ అన్న దొరికాడా?"

ఎరకన్న తెడ్డును చంక కింద బిగించుకుని దట్టీలోంచి ఆ ముక్క తీశాడు. ఆకు పోయింది, నీళ్ళకు నాని మెత్తబడింది. కొరికాడు. ఆ ముక్కను ఉప్పు లేకుండా తినాలని కట్టుబాటు. సముద్రంలో తడిసింది కదా, ఉప్పగానే ఉంది. దిగమింగడం కష్టంగా ఉంది. అయినా తోక దాకా తిన్నాడు.

"అయ్యో, అదేమిటి అబ్బాయ్! నేనెంత చెప్పినా పారెయ్యలేదు కదా. మీ అన్న వాటా అన్నావే?"

వెనక పడవలోంచి తెలిసిన గొంతు తెడ్లవాళ్ళను అదిలిస్తోంది. నీటిమీద ఆ కేకలు స్పష్టంగా వినబడుతున్నాయి. ఎరకన్న చెయ్యి నీళ్ళలో కడుక్కున్నాడు.

"మా అన్న నల్లకయ్యలోనే సచ్చిపోయాడు రంగమ్మా. నువ్వా రెండో తెడ్డందుకో."